తేనెటీగ విషం: నొప్పి మరిచినా ఒళ్ళు మరవదు

(దీర్ఘకాలంగా కీళ్ళ నొప్పులతో బాధపడుతున్నవారి సభలో ఒక ఎలర్జీ వైద్యుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం చాలా సూటిగా ఉంది. తేనెటీగ విషం నొప్పులకు పనిచేస్తుందా, చేయదా? జవాబు మూడు మాటల్లో చెప్పి దిగిపోవచ్చు. కొందరికి, కొంత, కొన్నాళ్ళు. కానీ ఇంతే విని ఇంటికి వెళితే మీకు సగమే తెలిసినట్టు. మనం వేసుకునే నొప్పి మాత్ర తన పని చేసి, ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. చాలామంది విషయంలో ఆ తర్వాత ఒంటికి దాని ఊసే ఉండదు. తేనెటీగ విషం అలాంటిది కాదు. అది ప్రోటీన్ల మిశ్రమం. పరాయి ప్రోటీన్ ఏది లోపలికి వచ్చినా రోగనిరోధక వ్యవస్థ దాని వివరాలు రాసి పెట్టుకుంటుంది. నొప్పి తగ్గినా తగ్గకపోయినా ఆ రాత మాత్రం చెరగదు. ఇవాళ నేను ముఖ్యంగా మాట్లాడబోయేది దాని గురించి.

ముందు విషంలో ఏముందో చూద్దాం. ఒక్క తేనెటీగ కుడితే మన ఒంట్లోకి వెళ్ళేది సుమారు 50 నుంచి 140 మైక్రోగ్రాముల విషం. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒకటి మైక్రోగ్రాము. అంత కొంచెంలోనే బోలెడు సరుకు ఉంది. ఎండబెట్టి తూస్తే దాదాపు సగం బరువు ఒక్క పదార్థానిదే, పేరు మెలిటిన్. 26 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. ఇది కణం చుట్టూ ఉన్న పొరలోకి దూరి చిల్లులు పెడుతుంది, గోనెసంచికి దబ్బనంతో పొడిచినట్టు. లోపలివి బయటికి కారిపోతాయి. నొప్పిని మోసుకెళ్ళే నరాల కొసలను కూడా ఇది రేపుతుంది. కుట్టిన క్షణంలో భగ్గుమనే మంటలో పెద్ద వాటా దీనిదే.

తర్వాతది ఫాస్ఫోలైపేజ్ ఎ2. విషంలో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కణపొరల్లోని కొవ్వును కోసే ఎంజైము. పేరు నోరు తిరగదు, అయినా గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను. ఎందుకంటే తేనెటీగ ఎలర్జీ ఉన్నవాళ్ళలో చాలామంది ఒంటికి పడనిది ముఖ్యంగా ఇదే. హైలురోనిడేజ్ అని ఇంకొకటి, కణాల మధ్య ఉండే జిగురును కరిగించి మిగతా విషం పాకడానికి దారి చేస్తుంది. ఎపామిన్ నరకణాల్లో ఒక రకం పొటాషియం ద్వారాలను మూసేస్తుంది. ఎలర్జీ రసాయనాలను లోపల నింపుకుని ఉండే మాస్ట్ కణాలను పగలగొట్టి, వాటిలోని హిస్టమిన్ అనే రసాయనాన్ని బయటికి తెప్పించే పెప్టైడు, అంటే చిన్న ప్రోటీన్ ముక్క, వేరే ఉంది. కుట్టిన చోట ఎర్రబడి దురద పెట్టడంలో దాని చెయ్యి కూడా ఉంది. ఇక ఎడోలాపిన్ అని చాలా కొద్ది మొత్తంలో, మహా అయితే ఒక శాతం, ఉంటుంది. మీరు మింగే నొప్పి మాత్రలు ఏ ఎంజైమును అడ్డుకుంటాయో దాన్నే ఇదీ అడ్డుకుంటుందని ప్రయోగశాలలో చూశారు. "చూశారా, విషంలోనే నొప్పి మందు ఉంది" అని ప్రచారం చేసేవాళ్ళు పట్టుకునేది ఈ ఒక్క శాతాన్ని. మిగతా తొంభై తొమ్మిది గురించి పెద్దగా మాట్లాడరు.

ఒక విచిత్రం చెబుతాను. రొనాల్డ్ మెల్జాక్ అని కెనడా శాస్త్రవేత్త, నొప్పి పరిశోధనలో చాలా పెద్ద పేరు. నొప్పి సంకేతాలు మెదడుకు చేరకముందే వెన్నుపాములో ఒక గేటు వాటిని ఆపగలదు, వదలగలదు అనే గేట్ కంట్రోల్ సిద్ధాంతాన్ని 1965లో పాట్రిక్ వాల్‌తో కలిసి చెప్పినాయన. 1996లో ఆయన ప్రయోగశాల నుంచి ఒక కొత్త పరీక్ష వచ్చింది. ఎలుకలకు నొప్పి పుట్టించి, ఆ నొప్పిని కొలిచి, నొప్పి మందులు ఎంతవరకు పనిచేస్తున్నాయో చూసే పరీక్ష. ఆ నొప్పి పుట్టించడానికి వాళ్ళు ఎంచుకున్నది ఏమిటి? తేనెటీగ విషమే. ఎలుక పాదంలోకి ఎక్కిస్తే గంటసేపు దాకా ఆ పాదాన్ని ఎత్తి పట్టుకుంటుంది, నాకుతుంది. అంటే ఒక పక్క శాస్త్రవేత్తలు నొప్పిని తయారుచేయడానికి వాడుతున్న పదార్థాన్నే ఇంకో పక్క నొప్పి పోవడానికి వాడుతున్నారు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారా? లేదు. కొరియాలో కొందరు పరిశోధకులు అదే విషాన్ని బాగా పలచన చేసి, ఎలుక మోకాలి దగ్గర ఆక్యుపంక్చర్ బిందువులో ముందుగా ఎక్కించి, ఆ తర్వాత వేరే నొప్పి పుట్టిస్తే, ఆ నొప్పి తక్కువగా ఉందని చూపించారు. ఎక్కడ, ఎంత, ఎప్పుడు అన్నదాన్ని బట్టి ఒకే పదార్థం రెండు రకాలుగానూ ప్రవర్తిస్తుంది. ఇది మాయేమీ కాదు. చురుకైన పదార్థాలన్నీ ఇంతే. నాకు చిరాకు తెప్పించేది ఏమిటంటే, ఈ సంగతంతా పక్కన పెట్టి "ప్రకృతి ఇచ్చింది కదా, ఏమీ కాదు" అనడం. తేనెటీగ ఆ విషాన్ని మన మోకాళ్ళ కోసం తయారుచేయలేదు. తేనె దొంగిలించడానికి వచ్చినవాడు జన్మలో మళ్ళీ ఆ పక్కకు రాకూడదని తయారుచేసింది. (నవ్వులు)

నొప్పి ఎలా తగ్గుతుంది అంటే, మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది పాతదే, ముల్లును ముల్లుతో తీయడం. ఒంట్లో ఒకచోట గట్టి నొప్పి పుడితే, ఇంకోచోట ఉన్న నొప్పి తాత్కాలికంగా అణగిపోతుంది. దీన్ని 1979లో డేనియల్ లె బార్ బృందం ఫ్రాన్స్‌లో ఎలుకల వెన్నుపాములో నరాల స్థాయిలోనే చూపించింది. మెదడు కింది భాగం నుంచి అణిచివేత సంకేతాలు వెన్నులోకి దిగుతాయి. ఇది నిజమైన ప్రభావమే. కానీ దీనికి తేనెటీగే అక్కర్లేదు, గట్టిగా గిల్లినా కొంత జరుగుతుంది. పైగా ఎక్కువసేపు నిలవదు.

రెండో దారి అడ్రినల్ గ్రంథిది. జంతువులకు తేనెటీగ విషం ఎక్కిస్తే రక్తంలో కార్టిజాల్ జాతి హార్మోన్లు పెరుగుతాయి. అంటే మన ఒంటి సొంత స్టెరాయిడ్లు. వాపు తగ్గుతుంది, కీలు కాస్త తేలికపడుతుంది, ఉత్సాహంగా కూడా అనిపించవచ్చు. కుట్టించుకున్న రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంది డాక్టరుగారూ అని ఎవరైనా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. స్టెరాయిడ్ కావాలంటే కొలత తెలిసిన స్టెరాయిడ్ ఉంది. ఎక్కడ ఇవ్వాలో, ఎన్నిసార్లకు మించి ఇవ్వకూడదో తెలిసిన మందు. "స్టెరాయిడ్లు వద్దు, సహజ వైద్యం కావాలి" అని వచ్చి, ఒంటిని ఝడిపించి దాని చేత స్టెరాయిడ్లు తీయించుకోవడంలో తర్కం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

మూడోది మెలిటిన్ నేరుగా కణాల లోపల వాపును నడిపించే సంకేతాలను తగ్గించడం. గాజు పళ్ళెంలో పెంచిన కణాల్లో, ఎలుకల్లో బాగానే కనిపించింది. శాస్త్రపరంగా ఆసక్తికరమైనది ఇదే. అయితే పళ్ళెంలోని కణానికి మోకాలు ఉండదు. అక్కడి నుంచి మనిషి దాకా రావడానికి చాలా దూరం ఉంది.

ఇక చరిత్రలో ఒక్క మనిషిని తప్పక తలుచుకోవాలి. ఫిలిప్ టెర్చ్. ఇప్పటి స్లొవేనియాలో మారిబోర్ అనే ఊళ్ళో వైద్యుడు. అప్పట్లో అది ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యం. తేనెటీగ కాట్లకూ కీళ్ళవాతానికీ మధ్య ఏదో సంబంధం ఉందని 1888లో వియన్నా వైద్య పత్రికలో రాశారు. ఆయనను నేను తేలిగ్గా తీసిపారేయను. బేయర్ కంపెనీ ఆస్పిరిన్ అమ్మకానికి పెట్టడానికి ఇంకా పదేళ్ళకు పైగా ఉన్న కాలం అది. కీళ్ళు వాచి మంచం పట్టినవాడికి వైద్యుడి సంచిలో ఉన్నవి చాలా తక్కువ. ఉన్నంతలో చూసి, రాసి, పదిమంది ముందు పెట్టారు. ఆయన దగ్గర లేనిది ఒక్కటే, పోలిక. కుట్టించుకోని రోగులను పక్కన పెట్టి చూడలేదు. అప్పటికి ఆ పద్ధతి వైద్యంలో ఇంకా స్థిరపడలేదు కూడా.

ఈ పోలిక ఎందుకు అంత ముఖ్యమో మీకు మీ అనుభవంలోనే తెలుసు. కీళ్ళ నొప్పి ఒకే తీరుగా ఉండదు. పది రోజులు విపరీతంగా ఉంటుంది, ఆ తర్వాత నెలరోజులు సర్దుకుంటుంది. కొత్త వైద్యం కోసం మనం ఎప్పుడు పరిగెడతాం? విపరీతంగా ఉన్నప్పుడే. ఆ తర్వాత ఏం చేసినా చేయకపోయినా కొంత తగ్గాల్సిందే. ఆ తగ్గుదల పేరు మాత్రం చివరగా చేయించుకున్న వైద్యానికి వెళ్తుంది. నా వైద్యానికి కూడా ఇదే వర్తిస్తుంది, తేనెటీగనొక్కదాన్నే అనడం లేదు.

అయితే పోలికతో చేసిన పరీక్షలు ఉన్నాయా? ఉన్నాయి. ఇక్కడే ఒక పెద్ద చిక్కు కూడా ఉంది. మాత్రకు బదులు ఉత్తుత్తి మాత్ర ఇవ్వవచ్చు, రోగికి తెలియదు. తేనెటీగ విషానికి బదులు సెలైన్ ఎక్కిస్తే? విషం ఎక్కినవాడికి మండుతుంది, దురద పెడుతుంది. సెలైన్ వాడికి ఏమీ ఉండదు. ఎవరికి ఏది ఇచ్చారో రెండో రోజుకే అందరికీ అర్థమైపోతుంది. దీన్ని తెలివిగా దాటడానికి ప్రయత్నించిన పరీక్ష ఒకటి 2019లో అచ్చయింది. మోకాళ్ళ అరుగుదల నొప్పి ఉన్నవాళ్ళు, అయిదు వందల మందికి పైగా. కొందరికి చర్మంలో తేనెటీగ విషం, మిగతావారికి హిస్టమిన్. హిస్టమిన్ కూడా దద్దు లేపుతుంది, దురద పెడుతుంది, కాబట్టి కనిపెట్టడం కష్టం. పన్నెండు వారాల తర్వాత విషం తీసుకున్నవాళ్ళలో నొప్పి ఎక్కువ తగ్గింది. నేను దీన్ని దాచిపెట్టను, ఈ రంగంలో ఉన్నవాటిలో బలమైన సాక్ష్యం ఇదే. కాకపోతే ఆ మందును తయారుచేసే కంపెనీ తరఫున జరిగిన పరీక్ష అది. సంబంధం లేని వాళ్ళు మళ్ళీ చేసి అదే ఫలితం చూపిస్తే దాని బరువు పెరుగుతుంది.

దీర్ఘకాలపు నడుం నొప్పి మీద 2017లో కొరియా నుంచి ఒకటి వచ్చింది. యాభై నాలుగు మంది, మూడు వారాలు. రెండు వైపులా అందరికీ మామూలు నొప్పి మాత్ర ఇస్తూనే, ఒక వైపు విషం, ఇంకో వైపు సెలైన్. విషం వైపు కాస్త మెరుగు. చిన్న పరీక్ష, పైగా ఇందాక చెప్పిన మండే చిక్కు ఇందులో ఉంది.

మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఒంటి రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లో నరాల పొరను దెబ్బతీసే జబ్బు, దాని సంగతి చెప్పాలి, ఎందుకంటే బతికున్న తేనెటీగలతో కుట్టించుకునే పద్ధతికి ప్రచారం ఎక్కువగా వచ్చింది ఆ రోగుల వల్ల. నెదర్లాండ్స్‌లో 2005లో అచ్చయిన పరీక్షలో 26 మంది రోగులు పాల్గొన్నారు. వారానికి మూడు రోజులు, రోజుకు ఇరవై కాట్ల దాకా, 24 వారాలు. ఊహించుకోండి, వారానికి అరవై కాట్లు! మధ్యలో విషం లేని కాలంతో పోల్చి చూశారు. ఎంఆర్ఐలో మచ్చలు తగ్గలేదు, నడక మెరుగుపడలేదు, నీరసం తగ్గలేదు, జీవన నాణ్యత మారలేదు. ఆ రోగుల ఓపికకు దండం పెట్టాలి. వాళ్ళు అంత బాధ భరించి మనకు ఒక స్పష్టమైన "లేదు" ఇచ్చారు.

బాధ అంటే గుర్తొచ్చింది. మైకెల్ స్మిత్ అని ఒకాయన, అమెరికాలో విద్యార్థిగా ఉన్నప్పుడు, తన ఒంటిమీదే ఇరవై అయిదు చోట్ల తేనెటీగలతో కుట్టించుకుని ఎక్కడ ఎంత నొప్పో పదికి మార్కులు వేసుకున్నాడు. 2014లో అచ్చువేశాడు కూడా. ముక్కుపుటం మొదటి స్థానం, తొమ్మిది మార్కులు. పై పెదవి రెండోది. నడినెత్తి, జబ్బ చివరి స్థానాల్లో ఉన్నాయి. మూడో స్థానం ఎక్కడో ఈ సభలో చెప్పను. (నవ్వులు)

సరే, ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

1901లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియె సముద్ర జీవుల విషాల మీద పని మొదలుపెట్టారు. వాళ్ళ ఆలోచన చాలా సబబైనదే. కొంచెం కొంచెం విషం అలవాటు చేస్తే ఒళ్ళు తట్టుకోవడం నేర్చుకుంటుంది కదా అని. నెప్ట్యూన్ అనే మంచి బలమైన కుక్కకు సముద్రపు పువ్వు (సీ అనిమోన్) అనే జీవి విషం కొద్ది మోతాదులో ఎక్కించారు. దానికి ఏమీ కాలేదు. 22 రోజుల తర్వాత, కుక్క పూర్తి ఆరోగ్యంగా ఉండగా, మళ్ళీ అంతే చిన్న మోతాదు ఇచ్చారు. క్షణాల్లో ఆయాసం మొదలైంది, నిలబడలేకపోయింది, నెత్తురు కక్కింది, 25 నిమిషాల్లో చనిపోయింది. అలవాటు చేయబోతే ఒళ్ళు పగబట్టింది. దానికి రిషే పెట్టిన పేరే అనాఫిలాక్సిస్. 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

తేనెటీగ విషంలో జరిగేదీ ఇదే. మొదటిసారి కుట్టినప్పుడు మామూలుగా ఎలర్జీ రాదు. అప్పుడు ఒళ్ళు చూస్తోంది. ఫాస్ఫోలైపేజ్ ఎ2 లాంటి ప్రోటీన్‌ను చూసి, కొందరి ఒళ్ళు దాన్ని గుర్తుపట్టి ఎలర్జీ తెచ్చే ఐజీఈ అనే ప్రతిదేహాలను (యాంటీబాడీలను) తయారుచేసి మాస్ట్ కణాల మీద అతికించి పెడుతుంది. కొందరిలో అది రెండో కాటుకే జరుగుతుంది. కొందరిలో యాభయ్యో కాటు తర్వాత. చాలామందిలో ఎప్పటికీ జరగదు. ఎవరిలో ఎప్పుడు జరుగుతుందో ముందుగా చెప్పగలిగిన పరీక్ష లేదు. ఐజీఈ సిద్ధంగా ఉన్న ఒంటిలోకి మళ్ళీ ఒక్క కాటు విషం వెళ్ళిందంటే, ఒళ్ళంతా మాస్ట్ కణాలు ఒకేసారి పగులుతాయి. దద్దుర్లు, గొంతు బిగుసుకోవడం, పిల్లికూతలు, బీపీ పడిపోవడం.

ఎలర్జీ లేని పెద్ద మనిషిని కేవలం విషం బలంతో చంపాలంటే వెయ్యి కాట్లకు పైనే కావాలంటారు. ఎలర్జీ ఉన్నవాడికి ఒక్కటి చాలు. మామూలు మందుల్లో మనం నమ్ముకునే సూత్రం, తక్కువ ఇస్తే తక్కువ ప్రమాదం అన్నది ఇక్కడ చెల్లదు.

2018లో స్పెయిన్ వైద్యులు ఒక కేసు అచ్చువేశారు. యాభై అయిదేళ్ళ స్త్రీ. కండరాల బిగుతు, ఒత్తిడి తగ్గడానికని నాలుగు వారాలకోసారి బతికున్న తేనెటీగలతో ఆక్యుపంక్చర్ చేయించుకుంటోంది. అలా రెండేళ్ళు. ఏ ఇబ్బందీ లేదు. ఆస్తమా లేదు, గుండె జబ్బు లేదు, ఇంతకుముందు ఎలర్జీ లేదు. ఒకరోజు కాటు పడగానే పిల్లికూతలు, ఆయాసం, స్పృహ తప్పింది. ఇలాంటప్పుడు ప్రాణం కాపాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ అక్కడ లేదు. అంబులెన్సు రావడానికి అరగంట పట్టింది. మెదడుకు రక్తం అందక పక్షవాతం, కోమా, తర్వాత అవయవాలు ఒక్కొక్కటిగా దెబ్బతిని కొన్ని వారాలకు చనిపోయింది. ఈ కేసులో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ రెండేళ్ళే. "నాకు పడుతుంది, రెండేళ్ళ నుంచీ చేయించుకుంటున్నాను" అనడానికి ఆమెకు పూర్తి హక్కు ఉంది. ఆ అనుభవమంతా ఆ చివరి కాటు గురించి ఆమెకు ఏమీ చెప్పలేకపోయింది.

అరగంట అన్నాను కదా. రిచర్డ్ పంఫ్రీ అనే వైద్యుడు బ్రిటన్‌లో అనాఫిలాక్సిస్ మరణాలను ఒక్కొక్కటిగా తీసి చూసి 2000లో రాశారు. కీటకాల విషం వల్ల చనిపోయినవాళ్ళలో గుండె ఆగడానికి పట్టిన సమయం, మధ్యస్థంగా, పదిహేను నిమిషాలు. కాబట్టి ఈ వైద్యం చేసేవాడి దగ్గర మీరు మొదట చూడాల్సింది గోడ మీది సర్టిఫికెట్లు కాదు. అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉందా, దాన్ని తొడ కండరంలో వెంటనే ఇవ్వడం వచ్చినవాడు గదిలోనే ఉన్నాడా? ఎలర్జీ మాత్ర, స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఆ పదిహేను నిమిషాల్లో ప్రాణం కాపాడలేవు. బతికున్న ఈగలతో కుట్టించే చాలాచోట్ల అడ్రినలిన్ ఉండదు. అది ఉన్నచోట బతికున్న ఈగలతో కుట్టించరు. బీపీకి, గుండెకు బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్ళలో ఆ అడ్రినలిన్ కూడా సరిగా పనిచేయకపోవచ్చు. కీళ్ళ నొప్పుల వయసులో బీపీ మాత్రలు లేనివాళ్ళు ఎంతమంది? గుండె జబ్బు, అదుపులో లేని ఆస్తమా, గర్భం, మాస్టోసైటోసిస్ (మాస్ట్ కణాలు మరీ ఎక్కువగా పెరిగే జబ్బు) ఉన్నవాళ్ళకు ఇది వద్దే వద్దు.

మరి ఒళ్ళు నేర్చుకున్న పగను మాన్పించగలమా? మాన్పించగలం, అదీ ఇదే విషంతో! ఎలర్జీ ఉన్నవాళ్ళకు శుద్ధి చేసిన విషాన్ని మైక్రోగ్రాములోని చిన్న భాగంతో మొదలుపెట్టి, క్రమంగా 100 మైక్రోగ్రాములకు, అంటే ఇంచుమించు ఒక కాటుకు తీసుకెళ్తాం. ఆ మోతాదునే మూడు నుంచి అయిదేళ్ళు కొనసాగిస్తాం. 1978లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో పోల్చి ఇది గట్టిగా పనిచేస్తుందని చూపించారు. ఆ మరుసటి ఏడే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. ఈ మధ్యాహ్నం మొత్తం మీద తేనెటీగ విషం నిస్సందేహంగా నిలబడిన వైద్యం ఇదొక్కటే. గమనించండి, అదే ప్రోటీన్, అదే మోతాదు. తేడా అంతా కొలతలో, క్రమంలో, పక్కన సిద్ధంగా ఉన్న సిరంజిలో. ఆ సంస్థ నొప్పి కోసం మాత్రం తేనెటీగ విషాన్ని ఇంతవరకు అనుమతించలేదు.

విషాల నుంచి నొప్పి మందులు రావా అంటే వస్తాయి. సముద్రంలో కోన్ నత్త ఉంది, దాని విషంలోని ఒక్క పెప్టైడును విడదీసి జికొనొటైడ్ అనే మందు చేశారు, 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. మార్ఫిన్‌కు కూడా లొంగని నొప్పికి, వెన్నులోకి పంపు ద్వారా ఇస్తారు. నత్తతో ఎవరూ కుట్టించుకోలేదు, కుట్టించుకుంటే మనిషే పోతాడు. వంద పదార్థాల్లోంచి కావలసిన ఒక్కదాన్ని వేరుచేసి, కొలిచి, అది చేసే చెడు కూడా రాసిపెట్టాక అది మందైంది. తేనెటీగ విషంలోనూ కొందరు ఆ దారిలోనే ఉన్నారు. ఎలర్జీ తెచ్చే ఎంజైములను తీసేసి, ఎక్కువగా మెలిటిన్ మిగిల్చిన రకాన్ని కొరియాలో వాడుతున్నారు. ఎలర్జీ తగ్గిందంటున్నారు. అలాగని పూర్తిగా పోలేదు, మెలిటిన్‌కు కూడా ఎలర్జీ వచ్చేవాళ్ళు ఉన్నారు.

నేను చెప్పాల్సింది అయింది. ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో ఒకరు: తేనెటీగలు పెంచేవాళ్ళకు కీళ్ళనొప్పులు రావంటారు, నిజమేనా?)

అందరూ అంటారు, లెక్క తీసి చూపించినవాళ్ళు నాకు కనబడలేదు. కీళ్ళు పట్టేసినవాడు బరువైన పెట్టెలు ఎత్తుతూ ఆ పనిలో కొనసాగలేడు, మానేస్తాడు. మిగిలినవాళ్ళను చూసి మనం ఎంత ఆరోగ్యం అనుకుంటాం. వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఏడాదికి వందల కాట్లు తినేవాళ్ళలో ఐజీజీ4 అనే వేరే రకం ప్రతిదేహాలు పెరిగి ఎలర్జీని అడ్డుకుంటాయి. ఎప్పుడో ఒకసారి, ఏడాదికి కొద్ది కాట్లు మాత్రమే తినేవాళ్ళలో ఎలర్జీ ఎక్కువ. నొప్పి కోసం అప్పుడప్పుడు కుట్టించుకునేవాళ్ళు ఏ గుంపులోకి వస్తారో మీరే ఆలోచించండి.

(ఇంకొకరు: ముందుగా కొంచెం ఎక్కించి టెస్టు చేస్తామంటారు. అది చాలదా?)

అది ఇవాళ్టి సంగతి చెబుతుంది, ఇవాళ ఐజీఈ ఉందో లేదో. ఆరు నెలల తర్వాత ఉంటుందో లేదో చెప్పదు. పైగా ఆ టెస్టు కూడా విషమే కదా. టెస్టు చేయడం మంచిదే, చేయకపోవడం నేరం. దాన్ని జీవితకాల హామీ అనుకోకండి.

(మరొకరు: విషం కలిపిన క్రీములు, పూతమందులు?)

మెలిటిన్, ఎంజైములు చర్మం పై పొరను దాటి కీలు దాకా వెళ్ళడం కష్టం. అందులో తరచుగా మిరప, కర్పూరం, పుదీనా సత్తు లాంటివి కూడా కలుపుతారు, చల్లగా వేడిగా అనిపించేది వాటివల్లే. తేనెటీగ ఎలర్జీ ఉన్నవాళ్ళు, చర్మం చిట్లి ఉన్నవాళ్ళు వాటి జోలికి పోవద్దు. పూతే కావాలంటే డైక్లోఫెనాక్ జెల్ ఉంది, మోకాలి నొప్పికి దాని మీద మంచి పరీక్షలు ఉన్నాయి.

(వెనక వరుస నుంచి ఒక మహిళ: నేను ఏడాదిగా మోకాళ్ళకు కుట్టించుకుంటున్నానండీ. నాకు నిజంగానే తగ్గింది. ఆపేయమంటారా?)

తగ్గిందంటే నమ్ముతానమ్మా. నొప్పి మీది, దాని గురించి మీకంటే నాకు తెలియదు. కానీ అవును, ఆపమనే చెబుతాను. ఆ తగ్గుదలను నిలుపుకోవడానికి తొడ కండరాలకు వ్యాయామాలు ఉన్నాయి, బరువు తగ్గడం ఉంది, రెంటికీ మోకాలి అరుగుదలలో గట్టి సాక్ష్యం ఉంది. ఒక్క సంగతి చెప్పండి. ఈ ఏడాదిలో ఎప్పుడైనా కుట్టిన చోట కాకుండా వేరేచోట దద్దుర్లు గానీ, అరచేతులు అరికాళ్ళు దురద గానీ, కళ్ళు తిరగడం గానీ వచ్చిందా?

(మహిళ: పోయిన నెల ఒకసారి ఒళ్ళంతా దురద పెట్టిందండీ. గంటలో తగ్గిపోయింది. వేడి చేసిందనుకున్నాను.)

అయితే ఇక ఒక్క కాటు కూడా వద్దమ్మా. ఈ వారంలోనే చేయించుకోవడానికి ఐజీఈ, ట్రిప్టేజ్ (మాస్ట్ కణాల్లోంచి వచ్చే పదార్థం) రక్తపరీక్షలు రాసిస్తాను, సభ అయ్యాక వెళ్ళిపోకుండా ఉండండి. మీరు బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారో దాని పేరు కూడా నాకు కావాలి.